ఆపి చూడని సర్వర్

రూటమ్మకు ఆ పేరు పెట్టింది ఆఫీసువాళ్ళు. సర్వర్లో సకల అధికారాలూ ఉండే ఖాతాను రూట్ అంటారు. ఆ ఖాతా పాస్‌వర్డ్ ఆవిడ తప్ప ఇంకొకరికి తెలియదు, తెలియనివ్వదు. ఎందుకమ్మా అంటే, "మీరందరూ మనుషులు కదా, అదీ చిక్కు" అనేది. తను ఏ కోవకు చెందుతుందో ఆవిడా చెప్పలేదు, అడిగే ధైర్యం వాళ్ళకూ లేదు.

ఆవిడ కనిపెట్టుకుని ఉండే పెద్ద మెషీన్ ఒకటుంది. దాన్ని ఒక్కసారైనా ఆపకుండా ఎన్ని రోజుల నుంచి నడుపుతోందో ఒక కమాండు కొడితే తెర మీద అంకె వస్తుంది. రోజూ పొద్దున్నే ఆ అంకెను పక్క టేబుల్ వాళ్ళకు వినపడేలా పైకి చదివితే తప్ప ఆవిడకు కాఫీ దిగదు. ఆ శనివారం నాటికి అది తొమ్మిదివందల పద్నాలుగు.

ఆ శనివారమే ఆవిడ ఆడపడుచు పిలిస్తే డయాలిసిస్ సెంటర్‌కు వెళ్ళింది. ఆడబిడ్డ అర్ధమొగుడన్నారు గానీ, ఈ ఆడపడుచుకు వదినంటే అర్ధ గురువు, అర్ధ భయం. సెంటర్లో పెద్ద నర్సు ఆమె. ఇరవై నాలుగు మంచాలు, నూట ఎనభై మంది పేషెంట్లు. ఒక్కొక్కరికీ వారానికి రెండుసార్లో మూడుసార్లో రక్తం శుభ్రం చేయించుకోవాలి. ఎవరికి ఏ వంతు దొరుకుతుందో ముందొచ్చినవాళ్ళ లెక్క. అందుకని తెల్లారకముందే గేటు బయట లైను కట్టేవాళ్ళు. ఓపిక లేనివాళ్ళు తమ చోట చెప్పులు వదిలి గోడకు ఆనుకుని కూర్చునేవాళ్ళు. ఒకరోజు, లారీ నడపడం మానేసిన డ్రైవరొకాయన ఆ చెప్పుల వరస మీదే పడిపోయాడు. ఆయన్ను లేపి లోపలికి తెచ్చింది ఈ ఆడపడుచే.

అప్పుడు మొదలుపెట్టింది పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకోవడం. డ్యూటీకీ డ్యూటీకీ మధ్య ఫోన్లో పాఠాలు చూసి, రెండేళ్ళు తంటాలుపడి, వంతులు బుక్ చేసుకునే ప్రోగ్రాం రాసింది. ఆదివారం సాయంత్రం నాలుగింటికి వారం వంతులన్నీ తెరుచుకుంటాయి. ఇంట్లో కూర్చుని ఫోన్లో మంచమూ వేళా ఎంచుకోవచ్చు. లైను పోయింది, చెప్పులూ పోయాయి. కాకపోతే, నాలుగింటికి అందరూ ఒక్కసారిగా తెరవగానే ఆ పేజీ చతికిలబడేది. మూడు ఆదివారాలు అలాగే అయింది. సెంటర్ నడిపే ట్రస్టు పెద్దాయనకు రిజిస్టరు తప్ప ఇంకే యంత్రం మీదా నమ్మకం లేదు. "ఇంకొక్క ఆదివారం ఇది ఆగిందా, సోమవారం నుంచి పాత పద్ధతే" అని తేల్చేశాడు. ఆయనెప్పుడూ లైనులో నిలబడలేదు కనుక ఆయనకు తేల్చడం తేలికే.

"ఇదేనా మీ సర్వర్ రూము?" అంది రూటమ్మ, గుమ్మంలోనే ఆగి.

"స్టోర్ రూమే వదినా. దాన్నీ ఇందులోనే పెట్టేశాం."

రక్తం గొట్టాల అట్టపెట్టెల మధ్య, నీళ్ళు శుద్ధిచేసే ట్యాంకు పక్కన, పాత టేబుల్ కింద ఉందది. దాని నెత్తిన ఎవరో టిఫిన్ డబ్బా పెట్టారు. రూటమ్మ ఆ డబ్బాను రెండు వేళ్ళతో ఎత్తి ఆడపడుచు చేతిలో పెట్టి, చీర కొంగుతో కుర్చీ దులిపి కూర్చుంది. పది నిమిషాలు గడిచాయో లేదో నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ఆఫీసులో అందరికీ తెలిసిందే. దాని తరవాత ఎవరిదో ఒకరి పరువు పోతుంది.

"ఇది పెట్టిన మహానుభావుడెవరు?"

"రెండు వీధుల అవతల కంప్యూటర్లు బాగుచేసే షాపాయన. ప్రింటరు కూడా ఆయనే చూస్తాడు."

"ప్రింటరే చూసుకోమను. ఇక్కడ చూడు. ఏ ఫైలు చూసినా మూడు ఏడులు! ఫైలు సొంతదారుకి ఎంత హక్కు, వాడి గుంపుకి ఎంత, ఊరందరికీ ఎంత అని మూడంకెలుంటాయి. ఏడంటే చదువుకో, మార్చుకో, నడుపుకో, నీ ఇష్టం. ఎక్కడో ఏదో తెరుచుకోలేదు, ఈయన అన్నిటికీ మూడు ఏడులు కొట్టి చేతులు దులుపుకున్నాడు. తాళం పడటం లేదని తలుపు ఊడబీకి గోడకి ఆనించినట్టు!"

అప్పటి నుంచి ఆయనకు మూడేడుల మేస్త్రీ అనే పేరు ఖాయమైపోయింది. మనిషిని చూడనైనా లేదు, పేరు మాత్రం పెట్టేసింది.

మేస్త్రీ పాపాల చిట్టా పెద్దదే, కాదనలేం. ప్రోగ్రాం రాసేటప్పుడు సరిచూసుకోవడానికి దొరికే చిన్న సర్వర్ ప్రోగ్రాం మీదే నూట ఎనభై మందినీ నడుపుతున్నాడు. చెంచాతో చెరువు తోడటమే అది. పైగా దాన్ని నడిపించేది సర్వాధికారాలున్న రూట్ ఖాతాతో. బయటి నుంచి లాగిన్ అయ్యే దారి ప్రపంచమంతటికీ బార్లా తెరిచి ఉంది. రూటమ్మ ఒక్కొక్కటీ సరిచేస్తూ, చేస్తున్నంతసేపూ తిడుతూ, తిడుతున్నంతసేపూ మహదానందంగా ఉంది. నిజం చెప్పాలంటే ఆవిడ పని శుభ్రంగా ఉంటుంది. ప్రోగ్రాంకు కావలసిన పైథాన్ సరంజామానంతా ఒక వేరే ఫోల్డర్లో విడిగా సర్దింది. ఏ అధికారమూ లేని ఒక చిన్న ఖాతా సృష్టించి ప్రోగ్రాంను దాని కింద పెట్టింది. వాకిట్లో ఇంజిన్‌ఎక్స్ అనే కాపలా ప్రోగ్రాంను నిలబెట్టింది. వచ్చిన ప్రతి కోరికనూ అది అందుకుని లోపలికి పంపుతుంది. లోపల గునికార్న్ అనే ఇంకో ప్రోగ్రాం నాలుగు పనివాళ్ళను పెట్టుకుని ఆడపడుచు రాసిన పైథాన్‌ను నడిపిస్తుంది. ఏడులన్నీ పోయి ఎవరి హద్దులో వాళ్ళు పడ్డారు. బయటి దారినీ మూసేసింది. పేషెంట్ల పేజీకి ఇబ్బంది లేదు గానీ, ఇక సెంటర్ లోపల కూర్చుంటే తప్ప మెషీన్లోకి ఎవరూ లాగిన్ కాలేరు.

"ఇంట్లోంచి నువ్వు కూడానా?" అంది ఆడపడుచు.

"నాకు ఇంట్లోంచి రావలసిన అవసరం ఎందుకొస్తుంది? నేను చేసిన పని మళ్ళీ చూసుకోనక్కర్లేదు."

అప్పుడే ఆవిడ కంట పడింది ఒక ఒంటరి లైను. మెషీన్ తిరిగి లేచిన ప్రతిసారీ ముప్పై సెకన్లు ఆగి, ప్రోగ్రాంను దానంతటదే మొదలుపెట్టమని మేస్త్రీ ఒక మూల రాసి పెట్టుకున్న ఆదేశం అది. రూటమ్మకు కళ్ళలో నీళ్ళు తిరిగేంత నవ్వొచ్చింది.

"ముప్పై ఎందుకట? ఇరవై తొమ్మిదికి లేపితే అలుగుతుందా? ఇలాంటి నాటుపనులు చూడబట్టే నాకు జుట్టు నెరిసింది." అని ఆ లైనునూ కొట్టేసింది. కొట్టేసేలోగా ఆడపడుచు తన జేబులోని చిన్న నోటుబుక్కులో దాన్ని అక్షరం పొల్లుపోకుండా ఎక్కించుకుంది. నర్సులకు అదొక అలవాటు. ఏది తీసేసినా, తీసేముందు ఏముండేదో రాసుకుంటారు.

అన్నీ అయ్యాక రూటమ్మ గునికార్న్‌ను లేపే కమాండు కొట్టింది. ఆడపడుచు ఫోన్లో పేజీ తెరిస్తే రెప్పపాటులో తెరుచుకుంది. డ్యూటీలో ఉన్న ఇద్దరు నర్సులు వచ్చి వాళ్ళ ఫోన్లలోనూ తెరిచి "అబ్బ!" అన్నారు. ఒకమ్మాయి చప్పట్లు కూడా కొట్టింది. రూటమ్మ కుర్చీలోంచి లేచింది. చేయవలసిన పని ఇంకొక్క మాట మిగిలే ఉంది, ఆవిడ లేచింది చప్పట్ల కోసం.

ఆ ఒక్క మాట సంగతి ఇక్కడే చెప్పేయడం మంచిది. ఇలాంటి మెషీన్లను నడిపే లైనక్సులో ఒక ప్రోగ్రాంను ఇప్పుడు నడపడానికి స్టార్ట్ అంటారు. మెషీన్ ఆగి లేచిన ప్రతిసారీ అదే నడవాలంటే ఎనేబుల్ అని ఇంకో మాట చెప్పాలి. మొదటిది చెప్పి రెండోది చెప్పకపోతే, మెషీన్ ఆగనంతకాలం ఎవరికీ ఏ తేడా తెలియదు. పసిపిల్లల పాఠంలో రెండో పేజీ ఇది. తొమ్మిదివందల పద్నాలుగు రోజులుగా మెషీన్ ఆపి ఎరగని మనిషికి ఆ పేజీ ఎప్పుడో చిరిగిపోయింది.

"వదినా, రేపు మధ్యాహ్నం ఇన్వర్టర్ బ్యాటరీలు మార్చడానికి కరెంటు తీస్తారట," అంది ఆడపడుచు, గోడ మీద అంటించిన కాగితం చూపిస్తూ. "ఒకసారి దీన్ని ఆపి, మళ్ళీ వెలిగించి చూద్దామా? మేం డయాలిసిస్ మెషీన్లకి రోజూ పొద్దున్నే అలాగే చూస్తాం. కావాలని ఆపి, అలారం మోగుతుందా, మళ్ళీ నడుస్తుందా అని."

"ఇది మీ మిక్సీ కాదమ్మాయ్, ఆపీ వేసీ చూడ్డానికి! సర్వర్ ఆపడమంటే మాలో తలవంపులు. కరెంటు వస్తే అదే లేస్తుంది, పాలప్యాకెట్టా విరిగిపోవడానికి?"

ఆడపడుచు ఇంకేదో అనబోయి, అర్ధ భయం గెలిచి, ఊరుకుంది.

ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు రూటమ్మ తన ఇంట్లో సోఫాలో కూర్చుని మూడేడుల మేస్త్రీ కథను మొగుడికి రెండోసారి చెబుతోంది. ఆయన నోట్లో నాలుక లేని మనిషి, మొదటిసారి నవ్విన చోటే మళ్ళీ నవ్వుతున్నాడు. నాలుగూ నాలుగుకు ఫోను మోగింది.

"వదినా, పేజీ రావట్లేదు. ఐదువందల రెండు అని ఏదో వస్తోంది."

ఐదువందల రెండంటే, పెట్టగానే దానంతటదే ఎనేబుల్ అయ్యే ఇంజిన్‌ఎక్స్ వాకిట్లో నిలబడే ఉంది, లోపలే ఎవరూ పలకడం లేదు. ఆ అంకె వినగానే రూటమ్మ ల్యాప్‌టాప్ కోసం లేచింది. "నీ ప్రోగ్రాంలోనే ఏదో తప్పు చేసుంటావ్" అని మాత్రం నోటికొచ్చింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది ఆ మాట, అన్న ఆవిడకూ అలాగే వినిపించింది.

ల్యాప్‌టాప్ తెరిచి లాగిన్ కాబోయింది. కాలేదు. రెండోసారి కొట్టింది. కాలేదు. బయటి దారి ఎవరో చాలా గట్టిగా, చాలా శుభ్రంగా మూసేశారు. ఎవరో గుర్తొచ్చేసరికి ల్యాప్‌టాప్ మూసి చెప్పులు వేసుకుంది. "నేనూ రానా?" అన్నాడు మొగుడు. "వచ్చి ఏం చేస్తారు, నవ్వుతారా?" అని తలుపు లాగేసింది.

టాక్సీలో ముప్పావుగంట. దారి పొడుగునా ఆడపడుచుకు ఫోను చేస్తూనే ఉంది, అవతల లైను ఖాళీ లేదు. ఆ ముప్పావుగంటలో రూటమ్మకు అసలు సంగతి తెలిసొచ్చింది. కరెంటు పోయింది, వచ్చింది, మెషీన్ లేచింది. గునికార్న్‌ను లేపమని తను చెప్పలేదు. చెప్పి పెట్టిన ఒకే ఒక్క లైనును నవ్వుతూ కొట్టేసింది. ముప్పై సెకన్ల నాటులైను. ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే. ఆవిడకు సిగ్గేసింది. ఆ సిగ్గును ఎవరి మీదకైనా నెట్టడానికి వీలుందా అని ఆలోచించి, టాక్సీ డ్రైవరుతో "కొంచెం చూసి నడపండి" అంది. ఆయన సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాడు.

వెళ్ళేసరికి స్టోర్ రూములో అట్టపెట్టె మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. యాభై ఏళ్ళుంటాయి, తల తడిగా ఉంది, చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకదానికి పెట్టుకున్నాడు. స్నానం మధ్యలో వచ్చినట్టున్నాడు. ఆడపడుచు కుర్చీలో ఉంది, ఆమె ముందు నోటుబుక్కు తెరిచి ఉంది.

"పేజీ వచ్చేసింది వదినా, పావుగంటైంది. నువ్వు కొట్టేసిన లైను ఈయనకి ఫోన్లో చదివి వినిపించా. అది తీసేస్తే మరి లేపేదెవరండీ అన్నాడు. వచ్చి, ఏం కొట్టాలో చెప్పాడు, నేనే కొట్టా."

మూడేడుల మేస్త్రీ లేచి నిలబడ్డాడు. "పని చాలా నీట్‌గా ఉంది మేడమ్. నాకు ఇంతలా సర్దడం రాదు. స్టార్ట్ మాత్రమే చెప్పించాను. ఎనేబుల్ మీరే చేసుకుంటారని మీ పనిలో చెయ్యి పెట్టలేదు." అంటూ గుండీలు సరిచేసుకున్నాడు. "మొదట్లో నాకూ ఇలాగే అయింది. అందుకే ఆ ముప్పై సెకన్లదేదో రాసి పడేశా."

ఆయన ఒక్క ముక్క వెటకారంగా అని ఉంటే రూటమ్మకు ప్రాణం హాయిగా ఉండేది. తిరిగి పది అనేది. ఆయన అననే లేదు. నవ్విన నాపచేను ఎదురుగా నిలబడి, నమస్కారం కూడా పెట్టింది.

అప్పుడొచ్చాడు ట్రస్టు పెద్దాయన. చంకలో కొత్త రిజిస్టరు, ఇంకా పైన ప్లాస్టిక్ కాగితం కూడా చింపలేదు. అరగంటలో పదిహేడు ఫోన్లొచ్చాయట. "చెప్పానా లేదా?" అన్నాడు గుమ్మంలోంచే. గెలిచినవాడి ముఖం పెట్టాడు. "నర్సులు సూదులు గుచ్చాలి గానీ ప్రోగ్రాములేంటమ్మా! రేపట్నుంచి గేటు దగ్గర రిజిస్టరు పెడుతున్నా. ఇక దీని మాట ఎత్తకండి."

ఆడపడుచు ముఖం పాలిపోయింది. నోటుబుక్కు మూసేసింది. వదిన వైపు చూడనైనా చూడలేదు. అలా చూడకపోవడమే రూటమ్మకు చురుక్కుమంది. మేస్త్రీ నేల చూస్తున్నాడు. ఊరుకుంటే సరిపోతుంది. ప్రోగ్రాం బాగోలేదని అందరూ అనుకుంటారు, రూటమ్మ పేరుకు మచ్చ రాదు, సోమవారం తెల్లారకముందే ఆ డ్రైవరు గేటు బయట చెప్పులు విడుస్తాడు. మచ్చ ఆ మాత్రం చవగ్గా పోతుంది.

"ప్రోగ్రాంలో తప్పేం లేదండీ," అంది రూటమ్మ. "తప్పు నాది. మెషీన్ ఆగి లేచినప్పుడు ఇది మొదలవ్వాలని నేను చెప్పలేదు. ఈయన ముందే చెప్పి పెట్టాడు, నేనే తీసేశా. ఆపి చూద్దామని నిన్న మా ఆడపడుచు అడిగింది. వద్దన్నది కూడా నేనే."

పెద్దాయన ఆవిడను ఎగాదిగా చూశాడు. "మీరేదో పెద్ద ఎక్స్‌పర్టని చెప్పారే?"

"అవునండీ, చెప్పారు."

"మరి మళ్ళీ కరెంటు పోతే ఆగదని ఏంటి నమ్మకం?"

"ఆపి చూపిస్తాం," అంది ఆడపడుచు.

రూటమ్మ కూర్చుని ఎనేబుల్ అనే మాట కొట్టింది. ఒక్క సెకను పని. అప్పటిదాకా బుక్ అయిన వంతులన్నిటికీ ఒక కాపీ తీసి పక్కన పెట్టింది. తరవాత మెషీన్‌ను మర్యాదగా ఆపే కమాండు కొట్టబోతే ఆడపడుచు చెయ్యి పట్టుకుని, గోడ మీద స్విచ్చు చూపించింది.

"అలా ఆపకూడదే!"

"ఆ సంగతి కరెంటుకి చెప్పు వదినా."

రూటమ్మ స్విచ్చు మీద వేలు పెట్టింది. ఎవరి సర్వర్‌నూ ఆపని వేలు అది, కాసేపు మొరాయించింది. తరవాత నొక్కేసింది. ఫ్యాను మోత ఆగి, నీళ్ళ ట్యాంకులో చుక్క పడే చప్పుడు వినపడింది. పదిదాకా లెక్కపెట్టి మళ్ళీ వేసింది. తెర మీద తెల్లటి అక్షరాలు పరుగెత్తాయి, ఆగాయి, మళ్ళీ పరుగెత్తాయి. పెద్దాయన గడియారం చూసుకున్నాడు. ఆడపడుచు ఫోన్లో పేజీ తెరిచింది. రాలేదు. మళ్ళీ తెరిచింది. ఐదువందల రెండు. రూటమ్మ కుర్చీ అంచు పట్టుకుంది. ఇంత భయం ఆవిడకు ప్రసవాల్లో కూడా వెయ్యలేదు. మూడోసారి తెరిస్తే ఇరవై నాలుగు మంచాలూ వరసగా తెర మీదకు వచ్చాయి.

"రెండున్నర నిమిషాలు," అన్నాడు మేస్త్రీ. "చాలా మేలు మేడమ్."

పెద్దాయన ఆ ఫోను తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "సరే, ఉండనీ," అన్నాడు. రిజిస్టరును అక్కడే అట్టపెట్టెల మీద పడేసి వెళ్ళిపోయాడు. పరువు కోసమైనా దాన్ని ఇంటికి తీసుకెళ్ళి ఉండవలసింది.

ఆడపడుచు నోటుబుక్కులో రాసింది: ఆపి చూశాం, లేచింది, ఐదూ ఇరవై. కింద సంతకం చేసి మేస్త్రీకి అందించింది. ఆయనా చేశాడు. "మా దగ్గర ఏ మెషీన్ చూసినా ఇద్దరు సంతకం పెట్టాలి వదినా. చేసినవాళ్ళొకరు, పక్కనుండి చూసినవాళ్ళొకరు." అంటూ బుక్కు రూటమ్మకు ఇచ్చింది. చేసినవాళ్ళ కింద రూటమ్మ తన పేరు రాసింది. అక్షరాలు గుండ్రంగా వచ్చాయి.

సోమవారం పొద్దున ఆఫీసులో ఆవిడ ఎప్పటిలాగే కమాండు కొట్టింది. అంకె వచ్చింది. పక్క టేబుల్ వాళ్ళు కాసేపు చూశారు. రూటమ్మ పైకి చదవలేదు. కాఫీ చల్లారిపోయింది. ఆ మెషీన్ మీద పన్నెండు ప్రోగ్రాములు నడుస్తున్నాయి. కొన్ని ఆవిడ పెట్టినవి, కొన్ని ఆవిడ కన్నా ముందున్నవాళ్ళు పెట్టినవి. వాటిలో దేనికి ఆ రెండో మాట చెప్పారో, దేనికి చెప్పలేదో ఆవిడకు గుర్తులేదు. రెండున్నరేళ్ళుగా దాన్ని ఆపనివ్వలేదు కాబట్టి, ఆపితే ఏవి లేస్తాయో, ఏవి లేవవో ఇంకెవరికీ తెలిసే అవకాశమూ లేదు. గురివింద గింజకు కింద నలుపు కనిపించదంటారు. ఈవిడ రోజూ పొద్దున్నే ఆ నలుపునే పైకి చదువుకుంటూ వచ్చింది.

ఆడపడుచు దగ్గర నంబరు తీసుకుని ఫోను చేసింది.

"మేస్త్రీ... అదే, షాపు వారేనా అండీ? నిన్న సెంటర్లో కలిశాం. శనివారం మీకు తీరికుంటుందా? మా ఆఫీసులో ఒక మెషీన్ ఆపి చూడాలి. పక్కన ఒకరుండాలి."

"తప్పకుండా వస్తా మేడమ్. దాన్ని ఆపి ఎన్నాళ్ళయింది?"

"తొమ్మిదివందల పదహారు రోజులు," అంది రూటమ్మ, పక్క టేబుల్ వాళ్ళకు వినపడకుండా.